ఎదురేగిన తండ్రి

దేవుణ్ణి తండ్రిగా భావించడం క్రైస్తవంతోనే పుట్టిన సంగతి కాదు. ఇశ్రాయేలు జాతికి చేయిపట్టి నడక నేర్పిన దేవుడు, ఆ బిడ్డ తనకు విముఖుడైన తరువాత కూడా వదులుకోలేక తల్లడిల్లడాన్ని హోషేయ ప్రవక్త క్రీ.పూ. 8వ శతాబ్దంలోనే వర్ణించాడు. అయితే యూదుల ప్రాచీన గ్రంథాలలో అరుదుగా, అదీ చాలావరకు జాతి అంతటికీ వర్తించేలా కనిపించే ఈ సంబంధం, యేసు బోధలో ప్రతి మనిషీ నిత్యం నోరారా పలకదగిన పిలుపుగా మారింది. తెలుగు క్రైస్తవులు పరలోక ప్రార్థన అని వ్యవహరించే ప్రార్థన, మత్తయి సువార్తలోని పాఠంలోనూ లూకా సువార్తలోని చిన్న పాఠంలోనూ ఆ పిలుపుతోనే మొదలవుతుంది. దానికి వ్యాఖ్యానం రాసిన 3వ శతాబ్దపు కార్తేజ్ బిషప్ సిప్రియన్, ఏకాంతంలో ప్రార్థించే వ్యక్తి కూడా అందులో తనకొక్కడికే కాక అందరి కోసమూ అడుగుతాడని గుర్తుచేశాడు. దేవుణ్ణి తండ్రిగా ఒప్పుకున్నవాడికి తోటివారిని తోబుట్టువులుగా ఒప్పుకోక తప్పదు.

ఆ తండ్రి ఎటువంటివాడన్న ప్రశ్నకు సమాధానం లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానంలో, అంటే బోధ కోసం యేసు చెప్పిన కథలో, అన్నిటికన్నా నిండుగా దొరుకుతుంది. పాపులను చేర్చుకుని వారితో కలిసి భోజనం చేస్తున్నాడని ధర్మశాస్త్ర నిష్ఠ గల పరిసయ్యులూ శాస్త్రులూ సణిగిన సందర్భం అది. కథలో చిన్నకొడుకు తండ్రి బతికుండగానే వాటా పంచమంటాడు. జ్యేష్ఠునికి రెండింతల భాగం ఇమ్మనే మోషే ధర్మశాస్త్రాన్ని బట్టి, ఇద్దరే కొడుకులున్న ఆ ఇంట్లో అతనికి దక్కేది మూడో వంతు. దూరదేశంలో అదంతా హారతి కర్పూరమైపోయాక, కరువు కాలంలో, యూదులు అపవిత్రంగా ఎంచే పందులను మేపే పనికి కుదిరి, చివరకు కూలివాడిగానైనా ఉండనిమ్మని తండ్రిని వేడుకోవడానికి మాటలు కూర్చుకుని ఇంటిదారి పడతాడు. అతడింకా దూరాన ఉండగానే తండ్రి చూసి, జాలిపడి, పరుగున ఎదురేగి మెడమీద పడి ముద్దు పెట్టుకుంటాడు. ఇంటిపెద్ద అలా పరుగెత్తడం ఆ కాలపు మర్యాదకు తగనిదని వ్యాఖ్యాతలు చెబుతారు. కొడుకు తన పాపాన్ని ఒప్పుకుంటాడు గాని, కూలివాడిగా ఉంచమన్న మాట నోట వెలువడకముందే తండ్రి ప్రశస్తమైన వస్త్రమూ ఉంగరమూ చెప్పులూ తెప్పిస్తాడు. ఈ క్రమమే కథకు ప్రాణం: కొడుకు పశ్చాత్తాపాన్ని తండ్రి తోసిపుచ్చలేదు, కాని ఆయన ప్రేమ దానికోసం ఆగనూ లేదు.

పెద్దకొడుకు ప్రస్తావన ప్రసంగాలలో తరచు రెండు మాటలతో ముగిసిపోతుంది. అతని కథకు అంతకంటే ఎక్కువ శ్రద్ధ అవసరం. విందు సంగతి విని అలిగి బయటే నిలిచిన అతని కోసం కూడా తండ్రి ఇల్లు విడిచి వచ్చి బతిమాలతాడు. అతడేమో ఇన్నేళ్ళ ఊడిగాన్నీ, తనకు దక్కని మేకపిల్లనూ లెక్కగట్టి అప్పజెబుతాడు. ఆజ్ఞ మీరకుండా ఆ ఇంట్లోనే మెలిగినా, అతడు బతికింది పనివాడి మనసుతోనే. చివరకు అతడు లోపలికి వెళ్ళాడో లేదో యేసు చెప్పలేదు. ఆ నిర్ణయాన్ని తన ఎదుట సణుగుతున్నవారికే వదిలాడు.

దాసుడికీ కొడుక్కీ ఉన్న ఈ తేడాను అపొస్తలుడైన పౌలు చట్టపు భాషలో వివరించాడు. క్రీ.శ. 57 ప్రాంతంలో రోమా నగరపు విశ్వాసులకు రాసిన పత్రికలో, వారు పొందినది మళ్ళీ భయపడడానికి దారితీసే దాస్యం కాదనీ, దత్తత వల్ల సంక్రమించిన పుత్రత్వమనీ అన్నాడు. పూర్వపు రోమన్ చట్టం ఇంటి యజమానికి సంతానం ప్రాణాల మీద సైతం అధికారమిచ్చింది. అదే చట్టం దత్తపుత్రుణ్ణి సొంత కొడుకుతో సమానమైన వారసుణ్ణి చేసింది. 50లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ దత్తత తీసుకున్న నీరో 54లో తానే చక్రవర్తి అయ్యాడు కనుక, దత్తత మనిషిని ఎక్కడికి చేర్చగలదో ఆ నగరవాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. పౌలు ఆ చట్టంలోని వారసత్వాన్ని స్వీకరించి, భయాన్ని విడిచిపెట్టాడు.

కఠినుడైన తండ్రి చేతుల్లో పెరిగినవారికి, తండ్రి ప్రేమే ఎరగనివారికి ఈ బోధ ఓదార్పుకు బదులు గాయాన్ని రేపవచ్చు. ఇంట్లో చూసిన తండ్రిని బట్టి దేవుణ్ణి ఊహించుకోవలసిన పని లేదని, దేవుణ్ణి బట్టే ఇంట్లోని తండ్రిని తూచాలని క్రైస్తవ బోధ వారికి చెప్పగలదు. తల్లి బిడ్డను ఆదరించినట్టు దేవుడు ఆదరిస్తాడన్న పోలిక కూడా యెషయా గ్రంథంలో ఉంది. అంతకన్నా కష్టమైన ప్రశ్న, ప్రేమగల తండ్రి అడిగినది ఎందుకివ్వడన్నది. మార్కు సువార్త ప్రకారం యేసు గెత్సేమనే తోటలో దేవుణ్ణి 'అబ్బా', అంటే తన ఇంటిభాష అయిన అరమాయికులో 'నాన్నా', అని పిలిచి, రానున్న శ్రమను తొలగించమని వేడుకున్నాడు, అది తొలగలేదు. గుడ్ ఫ్రైడే నాడు తెలుగు సంఘాలు ధ్యానించే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలలో మొదటిదీ చివరిదీ తండ్రిని ఉద్దేశించి పలికినవి. నడుమనున్న నాల్గవది మాత్రం, తండ్రి అన్న పిలుపు లేకుండా, దేవుడు తనను ఎందుకు విడిచిపెట్టాడని అడిగిన ఆర్తనాదం. సంఘం ఆ నాల్గవ మాటను దాచిపెట్టలేదు; ఏటా ఆ రోజున మిగిలిన ఆరింటితో పాటు దాన్నీ బిగ్గరగా చదువుతుంది.