బేస్ గిటార్ కొనే ముందు మీ చెయ్యి చూసుకోండి

సెకండియర్‌లో నేను బేస్ గిటారిస్టునయ్యాను. గొప్ప కోరికతో ఏం కాదు. మా కాలేజీ బ్యాండ్‌లో అప్పటికే గిటార్ వాయించేవాళ్ళు ముగ్గురున్నారు, బేస్ వాయించేవాడు ఒక్కడూ లేడు. "ఆరు తీగలు వాయించేవాడివి, నాలుగు తీగలు నీకో లెక్కా?" అన్నారు. సరే అన్నాను. అమ్మ చీటీ పాడిన డబ్బుల్లోంచి 24,000 రూపాయలు తీసి ఇచ్చింది. "చదువు మాత్రం పాడు చేసుకోకు" అని ఒక్క మాటే అంది.

ఆ డబ్బుతో నేనేం చేశానో తెలుసా? నెట్‌లో బొటనవేలితో టపటపా కొట్టే వీడియోలు నెల రోజులు చూసి, వాళ్ళ చేతుల్లో ఉన్నలాంటిదే కొనేశాను. అయిదు తీగలు, యాక్టివ్ సర్క్యూట్, నల్లగా నిగనిగలాడే బాడీ. హాస్టల్లో అందరూ ఒక ఫోటో దిగారు దానితో.

ఫెస్ట్ రోజు రెండో పాట మధ్యలో అది గరగరమని, తర్వాత పూర్తిగా మూగబోయింది. నేను వేళ్ళు కదిలిస్తూనే ఉన్నాను. కింద ఉన్నవాళ్ళకి ఏదో తగ్గిందని అనిపించి ఉంటుంది, ఏది తగ్గిందో తెలిసి ఉండదు. డ్రమ్స్ వాయించే సీనియర్ అన్నకి మాత్రం తెలిసింది. దిగగానే తిట్టలేదు. "అసలు ఇదెందుకు కొన్నావురా?" అని అడిగాడు. "బాగుంది కదన్నా" అన్నాను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఒక్క ముక్కలో చెప్పాలంటే, గిటార్ చూసి మీ వాయింపు ఎంచుకోకండి. మీ వాయింపు చూసి గిటార్ ఎంచుకోండి.

ముందు బేస్ అంటే ఏమిటి?

మామూలు గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్‌లో ఆ తీగే ఒక స్థాయి కింద, సుమారు 41 సార్లు. మన చెవి ఆ శబ్దాన్ని సగం వింటుంది, సగం ఒంటికి తగిలించుకుంటుంది. అందుకే బేస్ ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఆగితే పాట నేల మీద నుంచి లేచిపోయినట్టు ఉంటుంది.

1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అంతకు ముందు బ్యాండుల్లో ఎక్కువగా మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ ఉండేది. దానికి ఫ్రెట్లు ఉండవు, వేలు కాస్త జరిగితే స్వరం తప్పుతుంది. ఫెండర్ బేస్‌కి మన వీణకి మెట్లున్నట్టు ఫ్రెట్లు ఉన్నాయి, స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్ అన్న పేరు అందుకే. 1960లో అదే కంపెనీ జాజ్ బేస్ తెచ్చింది. ఇవాళ షాపులో కనపడే బేస్‌లలో చాలావాటికి ఈ రెండే తాతలు.

మొదటి ప్రశ్న: దేనితో వాయిస్తారు?

వేళ్ళతోనా, పిక్‌తోనా, బొటనవేలితో కొట్టా? మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి.

వేళ్ళతో వాయిస్తే శబ్దం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సినిమా మెలొడీలకి, పాట వెనక ఒద్దికగా ఉండాల్సిన చోటికి ఇది సరిపోతుంది. పిక్‌తో వాయిస్తే ప్రతి స్వరం మొదలు టక్కుమని తెగి వినపడుతుంది. రాక్ బ్యాండ్‌లో రెండు గిటార్లు గోల చేస్తున్నప్పుడు వాటి మధ్యలోంచి బయటపడాలంటే ఇది బాగా పనికొస్తుంది. పిక్ వాడేవాళ్ళు వేళ్ళతో వాయించడం రానివాళ్ళని కొందరంటారు, పట్టించుకోకండి. 1960లలో లాస్ ఏంజిలస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని పాటలకి బేస్ వాయించిన కారల్ కే పిక్‌తోనే వాయించింది. ఇక స్లాప్. బొటనవేలితో తీగని కొట్టి, చూపుడువేలితో లాగి వదలడం. లారీ గ్రాహమ్ పేరు మీద ప్రసిద్ధికెక్కిన ఈ పద్ధతి ఫంక్ సంగీతానికి ప్రాణం. చూడ్డానికి అద్భుతం. మా బ్యాండ్ వాయించే ఇరవై పాటల్లో అది అవసరమైన పాటలు ఎన్నో తెలుసా? ఒక్కటి. అదీ ఎనిమిది సెకన్లు.

ఒక కాగితం తీసుకుని మీరు నిజంగా వాయించే పాటలు రాయండి. కలలో వాయించేవి కాదు. ఆ జాబితాయే మీ షాపింగ్ లిస్టు.

పికప్ ఎక్కడుంది?

తీగ కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట, అదే పికప్. ఫారడే సూత్రం ఫస్టియర్‌లో అందరం బట్టీ పట్టిందే. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో వోల్టేజి పుడుతుంది.

తమాషా ఏమిటంటే, అదే తీగ ఒక్కో చోట ఒక్కోలా పలుకుతుంది. మెడ వైపు తీగ బాగా ఊగుతుంది, అక్కడ అసలు స్వరం బలంగా ఉంటుంది, శబ్దం లావుగా వస్తుంది. బ్రిడ్జి దగ్గర ఊపు తక్కువ, పై హార్మోనిక్స్ పాలు ఎక్కువ. అందుకని శబ్దం సన్నగా, పదునుగా ఉంటుంది.

ప్రెసిషన్ రకంలో మధ్యలో ఒకే పికప్, రెండు ముక్కలుగా చీలి ఉంటుంది. 1957 నుంచి ఈ రూపం. రెండు ముక్కలు కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. శబ్దం సూటిగా, బొద్దుగా ఉంటుంది. తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, పాడు చేయడానికీ ఏమీ ఉండదు. జాజ్ రకంలో రెండు పికప్‌లు, వాటి పాళ్ళు మార్చి రకరకాల శబ్దాలు తీయొచ్చు. ఒక్కదాన్నే వాడితే మాత్రం కాస్త గుయ్‌మంటుంది. మన బడ్జెట్‌లో దొరికే యమహా, ఐబనీజ్ మోడళ్ళలో చాలావాటికి ముందు ప్రెసిషన్ రకం, వెనక జాజ్ రకం కలిపి పెడతారు. ఏ దారి మీదో ఇంకా తేలనివాళ్ళకి అదే మంచి మొదలు.

తీగలు చిన్న విషయం కాదు

డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ దగ్గరున్నది 1962 ప్రెసిషన్ బేస్. దాని మీద నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. అవి తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. ఆ మెత్తటి, నిండు శబ్దం అలా వచ్చింది.

జాకో పాస్టోరియస్ దీనికి పూర్తిగా రివర్సు. 1962 జాజ్ బేస్, దానికి ఫ్రెట్లు లేవు, తీగలు గరుకుగా మెరిసే రౌండ్‌వౌండ్, ఎక్కువగా బ్రిడ్జి వైపు పికప్. బేస్ మనిషి గొంతులా పాడేది. ఇద్దరి గిటార్లూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. శబ్దం మాత్రం ఆకాశానికీ నేలకీ ఉన్నంత తేడా. కంపెనీ పేరు మీద ఊగిపోయేవాళ్ళకి ఈ కథ చెప్పండి.

స్లాప్, రాక్ అయితే రౌండ్‌వౌండ్. పాత మెలొడీలు, మెత్తని వాయింపు అయితే ఫ్లాట్‌వౌండ్ ఒకసారి వేసి చూడండి. ఇళయరాజా పాట ఏదైనా, "గీతాంజలి" లోదే తీసుకోండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ ఒక్కటే వెంబడించండి. ఊరికే తాళం పట్టడం లేదది, పక్కన ఇంకో పాట పాడుతోంది. అలాంటిది వాయించాలంటే ప్రతి స్వరం తేటగా పలికే గిటార్ కావాలి, కేకలు పెట్టేది కాదు.

నాలుగా, అయిదా? మీ చెయ్యి చూసుకోండి

అయిదో తీగ సుమారు 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మెటల్‌కి, కింది స్థాయి కావాల్సిన కొత్త సినిమా పాటలకి అది అవసరమే. కానీ దాంతో మెడ వెడల్పవుతుంది, బరువు పెరుగుతుంది, వాయించనప్పుడు ఆ లావు తీగ మోగకుండా ఆపడం వేరే పని. నా చిటికెనవేలు పొట్టి. ఆరు నెలలు మణికట్టు నొప్పితో తిరిగాను, ప్రాక్టీస్ చాలక అనుకున్నాను. అయిదో తీగ వాడిన పాట ఒక్కటీ లేదు.

మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ కూడా దొరుకుతుంది. అది పిల్లలదని అనుకోకండి, పాల్ మెకార్ట్నీ బీటిల్స్‌లో వాయించిన వయొలిన్ ఆకారపు హోఫ్‌నర్ బేస్ ఆ కొలతదే.

బ్యాటరీ కథ

యాక్టివ్ బేస్‌లో చిన్న ప్రీయాంప్ ఉంటుంది, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. బేస్, ట్రెబుల్ గిటార్ మీదే పెంచుకోవచ్చు. మంచిదే. కానీ చాలా గిటార్లలో కేబుల్ పెట్టగానే బ్యాటరీ ఆన్ అవుతుంది, పీకేదాకా ఆన్‌లోనే ఉంటుంది. నేను మూడు వారాలు కేబుల్ పీకకుండా గోడకి ఆనించి పడుకున్నాను. ఫెస్ట్‌లో జరిగింది అదీ. తప్పు గిటార్‌ది కాదు. నాకేం కావాలో తెలియకుండా, ఎలా చూసుకోవాలో తెలియనిది కొన్నాను. పాసివ్ బేస్‌కి ఈ బెడద లేదు. యాక్టివ్ కొంటే కేబుల్ పీకే అలవాటు, బ్యాగులో ఒక కొత్త బ్యాటరీ, రెండూ ఉండాలి.

ఆంప్ మర్చిపోకండి

డబ్బంతా గిటార్ మీద పెట్టేసి, దాన్ని మామూలు గిటార్ ఆంప్‌కి తగిలించి వాల్యూమ్ పెంచకండి. 41 హెర్ట్జ్‌కి ఆ స్పీకర్ తట్టుకోదు, చిరిగిపోవచ్చు. బేస్‌కి బేస్ ఆంపే కావాలి. రూమ్‌లో సాధనకి 15–20 వాట్లు చాలు, హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే పక్క రూమ్ వాళ్ళు దీవిస్తారు. డ్రమ్స్ పక్కన అయితే కనీసం 100 వాట్లు, నిశ్చింతగా ఉండాలంటే 200 పైన. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే అని గుర్తుందిగా. స్టేజీ మీద పెద్ద స్పీకర్లుంటే మీ ఆంప్ కన్నా డీఐ బాక్స్ ముఖ్యం. గిటార్ సిగ్నల్‌ని పొడవాటి కేబుల్‌లో కూడా రొద లేకుండా మిక్సర్ దాకా పంపేది అదే.

ఇంకో మాట. ఫెస్ట్‌కి ముందు రిహార్సల్ వీడియో అమ్మకి పంపాను. "పాట బాగుందిరా, నువ్వు వాయించింది ఏదో తెలియలేదు" అంది. నేను చిన్నబుచ్చుకున్నాను. తర్వాత తెలిసింది, ఫోన్ స్పీకర్‌కి అంత కింది శబ్దం పలికే శక్తే లేదని. మీ శబ్దాన్ని ఫోన్‌లో విని ఎప్పుడూ తీర్పు చెప్పుకోకండి.

షాపులో అయిదు పనులు

కూర్చుని కాదు, పట్టీ వేసుకుని నిలబడి పది నిమిషాలు వాయించండి. చేతులు వదిలితే తల భాగం కిందకి వాలుతోందేమో చూడండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి ఎక్కడైనా జరజరమంటోందా వినండి. నాబ్‌లు తిప్పుతూ కరకర శబ్దం వస్తుందేమో గమనించండి. మెడని పక్క నుంచి చూసి వంకర ఉందేమో పట్టుకోండి. కొన్నాక తెలిసినవాళ్ళ చేత సెటప్ చేయించండి. తీగల ఎత్తు, మెడ లోపలి ట్రస్ రాడ్ సరిచేస్తే చవక గిటార్ కూడా చేతికి లొంగుతుంది.

చివరికి నా అయిదు తీగలది 16,000కి అమ్మేశాను. 9,500కి ఒక సీనియర్ దగ్గర పాత నాలుగు తీగల పాసివ్ బేస్, ఫ్లాట్‌వౌండ్ తీగలతో సహా. 4,500కి సెకండ్‌హ్యాండ్ 20 వాట్ల ఆంప్. మిగిలిన 2,000 కేబుల్, పట్టీ, ట్యూనర్, సెటప్‌లకి సరిపోయాయి. పోయిన 8,000 సంగతి అమ్మకి ఫోన్‌లో చెప్పలేకపోయాను. దసరాకి గిటార్, ఆంప్ రెండూ మోసుకెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, వాయించు" అంది. వాయించాను. వంటింటి గట్టు మీద గిన్నెలు గలగలమన్నాయి. "ఓహో, నువ్వు వాయించేది ఇదా!" అంది.

కొనాలనుకుంటే ముందు సాయంత్రం ఆరు తర్వాత మ్యూజిక్ రూమ్‌కి రండి. నా పాత బేస్ అక్కడే ఉంటుంది. వారం రోజులు వాయించి చూడండి. మీ చెయ్యి ఏం కోరుతోందో అదే చెప్తుంది, ఆ తర్వాతే అమ్మని డబ్బులు అడగండి.