మడతచాకు మీది ‘జర్మనీ’

మెటల్ డిటెక్టరు పట్టుకొని ఇంగ్లండు పొలాల్లో తిరిగేవారికి తుప్పుపట్టిన మడతచాకు దొరకడం అరుదేమీ కాదు. దానిపై ‘జర్మనీ’ అన్న మాట కనబడగానే, ఏ యుద్ధఖైదీయో, కూలిన విమానంలోని సైనికుడో జారవిడిచి ఉంటాడన్న కథ పుడుతుంది. నిజానికి ఆ మాటే ఆ కథకు ఎదురుసాక్ష్యం. జర్మన్లు తమ దేశాన్ని డాయిచ్‌లాండ్ అంటారు. స్వదేశపు అంగడి కోసం చేసిన చాకుపై ఇంగ్లీషు పేరుతో వారికి పనిలేదు. ఆ చాకు దాదాపుగా ఎగుమతి సరుకే; ఏ ఇంగ్లీషు రైతో ఊరి దుకాణంలో కొనుక్కున్నదే.

ఆ ముద్ర వెనుక ఒక వాణిజ్యకలహం ఉంది. వుప్పర్ నదీతీరాన ఉన్న జోలింగెన్ పట్టణం మధ్యయుగాల నుండి కత్తులకు ప్రసిద్ధి. అక్కడి వృత్తిసంఘంలో పీటర్ హెంకెల్స్ తన ‘కవలల’ గుర్తును నమోదు చేసుకున్నది 1731లో. పంతొమ్మిదవ శతాబ్దిలో చవకైన జర్మన్ చాకులు షెఫీల్డు పేరుతో చెలామణీ అవుతున్నాయని అక్కడి కమ్మరులు గగ్గోలు పెట్టారు. ఫలితంగా 1887లో బ్రిటన్ సరుకుగుర్తుల చట్టం చేసింది. అమెరికా 1890 నాటి సుంకాల చట్టంతో దిగుమతులపై మూలదేశపు పేరును తప్పనిసరి చేసింది. సిగ్గుపరచడానికి పెట్టించిన ముద్ర కొన్నేళ్ళకే నాణ్యతకు పూచీ అయింది!

ముద్ర సాధారణంగా బ్లేడు మీద, పిడిని ఆనుకొని ఉన్న పదునులేని చదునైన భాగంలో ఉంటుంది. అది చెప్పేది చాకు పుట్టిన తేదీ కాదు, అంతకుముందు పుట్టి ఉండదన్న హద్దు. డి.ఆర్.జి.ఎం. అన్న అక్షరాలు 1891లో మొదలైన ఒక తరహా చిన్న పేటెంటుకు సంకేతం. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949 తరువాతిది. జోలింగెన్ పేరుకు 1938లో చట్టరక్షణ లభించింది గాని, దానిని ముద్రించడం అంతకు చాలాముందే ఉంది. ముద్ర కనబడకపోవడం ప్రాచీనతకు రుజువు కాదు. తుప్పు తినివేసి ఉండవచ్చు. పైగా తయారైన ఏడు, పోగొట్టుకున్న ఏడు ఒకటి కానక్కరలేదు. సానపట్టీ పట్టీ సన్నబడిన బ్లేడు ఏళ్ళతరబడి ఒకరి జేబులో ఉన్నదన్నమాట.

ఉక్కు గుర్తుపట్టలేనంతగా చెడినా, పిడి కొసలనున్న పొన్నులు తరచు చెక్కుచెదరవు. అవి వెండివని మురిసిపోయేవారున్నారు. తెలుగువారి పూజాసామగ్రిలో కనబడే జర్మన్ సిల్వరే అది: రాగి, నికెలు, జింకుల మిశ్రమం, వెండి రవ్వంత కూడా లేదు. రాగి ఉన్నందున పచ్చని చిలుము పట్టవచ్చు గాని, ఇనుములా పొరలుపొరలుగా రాలిపోదు.

అసలు నష్టం తవ్వినప్పటికంటె ఇంటికి తెచ్చాక జరుగుతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే తుప్పుతో పాటు లోతులేని ముద్ర కూడా పోతుంది. బిగుసుకున్న బ్లేడును బలవంతాన తెరిస్తే విరుగుతుంది. (చేయి కోసుకుంటే ధనుర్వాతపు టీకా మరువరాదు, ఆ వ్యాధి బీజాలుండేది తుప్పులో కాదు, మట్టిలో.) మెత్తని కుంచెతో మట్టి దులిపి, చీకటిగదిలో టార్చిని పక్కవాటుగా పట్టి చూస్తే, ఎదురువెలుగులో కనబడని అక్షరాలు నీడలుగా తేలతాయి. పురావస్తు సంరక్షకులైతే ముందు ఎక్స్‌రే తీస్తారు: మూసి ఉన్న పిడిలో బ్లేడులెన్ని, ఏది విరిగింది, ఎక్కడ ఇంకా గట్టి ఉక్కు మిగిలింది అన్నది చాకును ముట్టకుండానే తెలుస్తుంది.