వేలు తెగిన రోజు కాగితం మీద ఏం రాశారు?

బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం. చూపుడువేలికి 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ ఏడేసి. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. సంపాదించే శక్తి ఎంత తగ్గిందో చెప్పే ఈ అంకెలు 1923 నాటి కార్మికుల పరిహార చట్టం మొదటి షెడ్యూలు నుంచి వచ్చినవి.

హైదరాబాద్‌లోని బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ప్రెస్ మెషీన్ కింద వేలు పోగొట్టుకున్న కుర్రాడికి మాత్రం ఈ అంకెల సంగతి ఎవరూ చెప్పరు. ఆసుపత్రి బిల్లు సేటు కట్టాడు, చేతిలో నాలుగు నోట్లు పెట్టాడు, ఊరెళ్లి తగ్గాక రమ్మన్నాడు. అంతటితో అయిపోయిందనుకుంటాడు.

చట్టం ప్రకారం అతనికి ఎంత రావాలో చూద్దాం. వయసు 30, నెల జీతం 15 వేలు. జీతంలో 60 శాతం అంటే తొమ్మిది వేలు. ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 207.98. రెండూ హెచ్చిస్తే 18,71,820 రూపాయలు. ఇక ఏ పనీ చేయలేని స్థితికి వచ్చిన మనిషికి దక్కాల్సిన మొత్తం ఇది. బొటనవేలు పోతే అందులో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. ప్రాణమే పోతే జీతంలో 60 శాతానికి బదులు 50 శాతం తీసుకుంటారు కాబట్టి కుటుంబానికి 15,59,850. జీతం ఎంత ఎక్కువున్నా 15 వేల వరకే లెక్కిస్తారు. 2020 జనవరికి ముందు ఈ పరిమితి ఎనిమిది వేలే. ఇప్పటి ధరలకు 15 వేలూ చాలదు. కానీ ఆ చాలీచాలని మొత్తం కూడా అందకపోవడం ఇంకా పెద్ద అన్యాయం.

ప్రెస్ షాపులో పని ఇలా ఉంటుంది. రేకును డై మీద పెట్టాలి, కాలితో పెడల్ తొక్కాలి, తయారైన ముక్కను తీయాలి. రోజంతా ఇదే. చెయ్యి డైలో ఉండగానే కాలు పెడల్ మీద పడటానికి ఒక్క క్షణం ఏమరుపాటు చాలు. క్లచ్ అరిగిపోతే ఒకసారి తొక్కినందుకు మెషీన్ రెండుసార్లు దిగుతుంది. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప కదలకుండా మెషీన్‌ను అమర్చవచ్చు. మధ్యలో చెయ్యి అడ్డొస్తే ఆపేసే సెన్సర్లూ ఉన్నాయి. కానీ వాటికి డబ్బు పెట్టాలి. పైగా పీసుకింత అని కూలి కట్టే చోట రెండు బటన్ల పద్ధతి పనిని నెమ్మది చేస్తుంది. అందుకే పెడల్ పోదు, వేళ్లు పోతూనే ఉంటాయి.

ఆ తర్వాత మొదట వినిపించే మాట, 'నీ అజాగ్రత్తే' అని. కానీ ఏమరుపాటు పరిహారానికి అడ్డు కాదు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని లేదా పరికరాన్ని కావాలనే పక్కన పెట్టడం వంటి కొన్ని కారణాలకే చట్టం మినహాయింపు ఇచ్చింది. మరణం సంభవించినా, శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోయినా ఆ మినహాయింపులూ వర్తించవు. ఈ ఒక్క సంగతి ప్రతి షెడ్డు గోడ మీదా రాసి పెట్టాలి.

'ఇంట్లో జారిపడ్డాడు'

కేసు గెలుపోటములు చాలావరకు మొదటి రోజే తేలిపోతాయి. రక్తం కారుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లేది సాధారణంగా సూపర్‌వైజరో మేస్త్రీయో. దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడిగితే జవాబు చెప్పేదీ వాళ్లే. ఇంట్లో జారిపడ్డాడనో, బండి మీద నుంచి పడ్డాడనో ఆసుపత్రి చీటీలో పడిందంటే రేపు పరిహారం అడిగినప్పుడు అదే మొదటి అడ్డంకి. గాయపడిన మనిషి గానీ పక్కనున్న తోటి పనివాడు గానీ ఫ్యాక్టరీ పేరు, మెషీన్ పేరు, సమయం చెప్పి రాయించాలి. పోలీసులకు తెలిసేలా మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. ఆ చీటీ ఫోటో ఇంట్లోవాళ్లకు పంపాలి.

రెండో గండం సంతకం. కొంత డబ్బిచ్చి, 'ఇక నాకు ఏ హక్కూ లేదు' అని రాయించుకుంటారు. పరిహారపు హక్కును వదులుకునే ఏ ఒప్పందమూ చెల్లదని చట్టం స్పష్టంగా చెబుతోంది. మనిషి చనిపోతే యజమాని ఆ మొత్తాన్ని కుటుంబం చేతికి నేరుగా ఇచ్చి చేతులు దులుపుకోవడానికి కూడా లేదు, పరిహారం తేల్చే అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. దుఃఖంలో ఉన్నవాళ్లను గేటు దగ్గరే బేరమాడి పంపేయకుండా పెట్టిన రక్షణ ఇది. క్లెయిము వేయడానికి రెండేళ్ల గడువుంది. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే 50 శాతం వరకు జరిమానా పడతాయి.

ఈఎస్ఐ బీమా ఉన్నవాళ్ల దారి వేరు. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీల్లో నెలకు 21 వేల లోపు జీతగాళ్లంతా అందులో ఉండాలి. పని చేయలేని కాలానికి జీతంలో దాదాపు 90 శాతం ఇస్తారు, శాశ్వత నష్టమైతే నెలనెలా పింఛను. అందుకే జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందో లేదో, నంబరు ఇచ్చారో లేదో ముందే చూసుకోవాలి.

'మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి' అనే మాట ఇంకోటి. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పజెప్పినా అసలు యజమాని పరిహారం కట్టాల్సిందే. కట్టాక కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం అతని తలనొప్పి.

నడుముకు అంకె లేదు

షెడ్యూలులో లేని గాయాలున్నాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్న హమాలీకి ఏ గడిలోనూ అంకె దొరకదు. అలాంటి చోట వైద్యుడి అంచనాయే ఆధారం. అంచనా వేసేటప్పుడు ఆ మనిషి చేసే పనిని చూడాలి. 1968లో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ ఒక వడ్రంగి కిందపడ్డాడు. అతని ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. షెడ్యూలులోని శాతం ఇస్తే చాలని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయడం కుదరదు కాబట్టి అతనికి జరిగింది సంపూర్ణ నష్టమేనని 1975లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం బాకీ ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని కూడా ఆ తీర్పులోనే చెప్పింది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది చనిపోయినప్పుడు, 2025 జూన్ 30న పాశమైలారంలో అలాంటి ప్రమాదానికే 50 మందికి పైగా బలైనప్పుడు కుటుంబానికి కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. ప్రకటించాల్సిందే. అయితే అదే పారిశ్రామికవాడలో ఒక్కడే ఒక్క వేలు పోగొట్టుకుంటే మంత్రి రాడు, కెమెరా రాదు. అతనికి మిగిలింది చట్టం ఒక్కటే. కాబట్టి అది పనిచేయాల్సింది ముందుగా అతని కోసమే.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలోని పరిహార పద్ధతి చాలావరకు అలాగే అందులోకి చేరింది. కొత్తగా, ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగే ప్రమాదాన్ని, పనితో సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే చూస్తారు. రాత్రి షిఫ్టు దిగి బండి మీద ఇల్లు చేరేవాళ్లకు ఇది ముఖ్యం.

వలస వెళ్లినవాళ్లు గుర్తుంచుకోవాల్సింది మరొకటి. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇలాంటి కుటుంబాలు చెన్నై చుట్టూ తిరగక్కర్లేదు. ప్రమాదం ఏ రాష్ట్రంలో జరిగినా, తాము ఉంటున్న జిల్లాలోనే పరిహారం దరఖాస్తు వేసుకునే వీలు 1923 చట్టంలో ఎప్పుడో కల్పించారు. ఒడిశా, బిహార్ నుంచి మన దగ్గరికి వచ్చి గాయపడి వెనక్కి వెళ్లినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.