ఎనిమిది వేల కోట్లు పాడేరు ఘాట్ ఎక్కేదెప్పుడు?

అరకు పక్కన డుంబ్రిగుడ మండలం పెదపాడులో 2025 ఏప్రిల్‌లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘అడవి తల్లి బాట’కు శంకుస్థాపన చేశారు. ప్రకటించిన లెక్క ఇది: 1,005 కోట్ల రూపాయలు, 1,069 కిలోమీటర్లు, 625 గిరిజన ఆవాసాలు. భాగించి చూస్తే కిలోమీటరుకు 94 లక్షలు, ఒక్కో ఆవాసానికి కోటీ అరవై లక్షలు పడుతుంది. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు. రాష్ట్ర బడ్జెట్‌లో మాత్రం చిన్న మొత్తమే. 2025-26లో ఆంధ్రప్రదేశ్ వేసుకున్న ద్రవ్యలోటును 365 రోజులకు పంచితే రోజుకు 219 కోట్ల అప్పు తేలుతుంది. ఈ రోడ్లన్నిటి ఖర్చూ అయిదు రోజుల అప్పుకన్నా తక్కువ.

కొండ మీది ఊరికి ఏది అందుతుందో, ఏది అందదో తెలియాలంటే ముందు ఆ పెద్ద లెక్క చూడాలి. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ శాసనసభ ముందుంచిన బడ్జెట్ 3,22,359 కోట్లు. అందులో రెవెన్యూ వ్యయం 2,51,162 కోట్లు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సంక్షేమ పథకాలు, అంటే ఏ ఏటి ఖర్చు ఆ ఏడే కరిగిపోయేవన్నీ ఇందులోకే వస్తాయి. మూలధన వ్యయం 40,635 కోట్లు. రోడ్లు, వంతెనలు, ప్రాజెక్టులు, భవనాలు ఈ పద్దు కింద పడతాయి. మొత్తం వందలో దీని వాటా పన్నెండున్నర రూపాయలే. మిగతాదంతా పాత అప్పుల అసలు చెల్లింపులు, ఇచ్చే రుణాలు.

రాబడి వైపు రెవెన్యూ వసూళ్ల అంచనా 2,17,977 కోట్లు. వందలో యాభై రూపాయలు రాష్ట్రం సొంత పన్నులవి, సుమారు 1.09 లక్షల కోట్లు. ఇరవై ఆరున్నర కేంద్ర పన్నుల్లో వాటా: 15వ ఆర్థిక సంఘం ఖరారు చేసిన 4.047 శాతం చొప్పున 57,566 కోట్లు. దాదాపు పదిహేను రూపాయలు కేంద్ర గ్రాంట్లు, తొమ్మిది దాకా పన్నేతర ఆదాయం.

వసూళ్లలోంచి రెవెన్యూ వ్యయం తీసేస్తే 33,185 కోట్లు తక్కువ పడతాయి. అదే రెవెన్యూ లోటు. మూలధన వ్యయం, ఇచ్చే రుణాలు కూడా కలిపితే ద్రవ్యలోటు 79,926 కోట్లు, జీఎస్‌డీపీలో 4.38 శాతం. అసలు కీలకం ఈ రెండు లోట్ల నిష్పత్తిలో ఉంది. తెచ్చే ప్రతి వంద రూపాయల అప్పులో దాదాపు 42 రోజువారీ ఖర్చుకే పోతున్నాయి, ఆస్తిగా మారే అవకాశం 58కే ఉంది. కాఫీ మొక్కకు అప్పు చేసిన రైతు ఆ డబ్బులో సగం దగ్గర దగ్గర బియ్యానికి వాడుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. తప్పని అనలేం, తోట మాత్రం చిన్నదవుతుంది.

పాడేరు, అరకు కొండల ఏజెన్సీ ఈ ఖజానాకు ఏమిస్తోందని అడిగేవాళ్లూ ఉంటారు. ఆ ప్రశ్నే కాస్త వంకర. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల ఆదాయం భూములు చేతులు మారే చోట పుడుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును ‘ఒకటి ఆఫ్ సెవెంటీ’ చట్టం నిషేధించింది, కాబట్టి ఆ పద్దుకు ఇక్కడ చోటు తక్కువ. జీఎస్టీ వస్తువు వాడిన రాష్ట్రానికి చేరే పన్ను. అరకు కాఫీ పొడి హైదరాబాద్‌లో అమ్ముడైతే రాష్ట్ర వాటా తెలంగాణకు పోతుంది. పండించిన కొండకు ఈ పట్టికలో గడి లేదు. ఇదే కొండల మనిషి డీజిల్, సెల్‌ఫోన్ రీఛార్జి కొన్నప్పుడు చెల్లించే పన్ను మాత్రం లెక్కలోకి ఎక్కుతుంది, ఎవరు కట్టారన్న పేరు లేకుండా.

ఇక గిరిజనుల పేరుతో ఉన్న అంకె. 2025-26 బడ్జెట్‌లో ఎస్టీ కాంపొనెంట్‌కు చూపింది 8,159 కోట్లు. ఈ కొండలున్న అల్లూరి సీతారామరాజు జిల్లాకు మాత్రమే కాదు, రాష్ట్రంలోని ఎస్టీలందరికీ. అంతకుముందు ఏడు ఇది 7,557 కోట్లు. పెరుగుదల ఎనిమిది శాతం. ఇక్కడే ఆగిపోతే సంతోషించవచ్చు. అదే కాలంలో మొత్తం బడ్జెట్ 2,94,427 కోట్ల నుంచి తొమ్మిదిన్నర శాతం పెరిగింది. కాబట్టి ఎస్టీ వాటా 2.57 శాతం నుంచి 2.53కు జారింది. రూపాయలు పెరిగి వాటా తగ్గడం బడ్జెట్లలో మామూలే. ప్రసంగంలో మొదటిదే వినిపిస్తుంది.

2011 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్టీలు 5.53 శాతం. మరి 2.53 శాతం ఎలా సరిపోతుంది? 2013లో చేసిన, 2023లో మరో పదేళ్లు పొడిగించిన ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం జనాభా నిష్పత్తిని మొత్తం బడ్జెట్‌కు కాక ప్రణాళికా వ్యయానికి ముడిపెట్టింది. 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర విభజనే ఎత్తేశారు. ఆ తర్వాత 5.53 శాతం దేనిలో అన్నది బయటివాడికి చప్పున దొరకదు. లెక్కను వెనక్కి తిప్పి చూడొచ్చు: 8,159 కోట్లు 5.53 శాతమైతే వంద శాతం దాదాపు 1.47 లక్షల కోట్లు. అంటే బడ్జెట్‌లో సగానికి కాస్త తక్కువ. అభివృద్ధి పథకాల ఖర్చు అంతకు మించితే ఎస్టీ వాటా తక్కువ పడినట్టే. శాసనసభ్యులు అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇంకో మెలిక ఉంది. ఈ కాంపొనెంట్‌లో గిరిజనుల కోసమే పెట్టిన పథకాలు మాత్రమే ఉండవు. రాష్ట్రమంతా అమలయ్యే పథకాల్లో ఎస్టీ లబ్ధిదారుల వాటానూ ఇక్కడ చూపుతారు. అనంతగిరిలో ఒక వృద్ధురాలికి నెలకు వచ్చే 4,000 రూపాయల పింఛను ఆమె గిరిజనురాలు కాకపోయినా వచ్చేదే. ఆ డబ్బు అవసరమే, కానీ ఊరికి దారి, నీళ్లు, బడి గది దానితో రావు. అందుకే 8,159 కోట్లలో ఎన్ని కోట్లు మూలధన పద్దులో ఉన్నాయన్నది మొత్తం అంకెకన్నా నాకు ముఖ్యంగా తోస్తుంది.

అంతకన్నా మొండి సమస్య తేదీలది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. కేటాయింపు పుస్తకంలో ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. విడుదల ఉత్తర్వు, పరిపాలనా అనుమతి, టెండరు, ఇవన్నీ దాటాలి. అంతలో జూన్ వానలు దిగుతాయి, అక్టోబర్ దాకా ఘాట్‌లో సిమెంటు లారీ ఎక్కడమే గండం. పని నడిచేది నవంబర్ నుంచి మే వరకు. సరిగ్గా దాని నడుమ మార్చి 31 వచ్చి, ఖర్చుకాని కేటాయింపు మురిగిపోతుంది. మైదానంలో పన్నెండు నెలల బడ్జెట్ ఇక్కడ అయిదు నెలలది. 2024-25 మరీ విడ్డూరం: ఎన్నికల ఏడాది కావడంతో ఓటాన్ అకౌంట్, ఆపై ఆర్డినెన్స్‌తో నెట్టుకొచ్చి, పూర్తి బడ్జెట్ నవంబర్ 11న పెట్టారు. నాలుగున్నర నెలలే మిగిలాయి.

కాఫీకి ఈ క్యాలెండర్ అసలే పొసగదు. విత్తనం నర్సరీలో పడేది డిసెంబర్, జనవరుల్లో, మొక్క నాటేది తొలకరి తర్వాత. కాపు చూడాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. ఒకే మొక్క ఖర్చు రెండు ఆర్థిక సంవత్సరాల మీద పడుతుంది. విశాఖ ఏజెన్సీలో 2015-16 నుంచి పదేళ్లకు లక్ష ఎకరాల లక్ష్యంతో 526 కోట్ల కాఫీ ప్రాజెక్టు వేయడానికి కారణం ఈ అవసరమే అనిపిస్తుంది. ఎకరాకు ఏటా 5,260 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ పదేళ్ల మాట కాబట్టి నాటినవాడికి ధీమా. రోడ్లకూ ఇలాంటి బహుళ సంవత్సరాల కేటాయింపు ఉంటే బాగుండును.

కేంద్రం డబ్బుకు ఇంకో మెట్టు ఉంది. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం గదబ, పోర్జ, ఖోండు వంటి అతి బలహీన గిరిజన సమూహాల కోసం. కేంద్రం 60 పెడితే రాష్ట్రం 40 పెట్టాలి. 33 వేల కోట్ల రెవెన్యూ లోటున్న ఖజానాలో ఆ నలభైకి కూడా జీతాలూ వడ్డీల తర్వాతే వంతు వస్తుంది.

2025-26 ఎస్టీ కాంపొనెంట్‌లో నిజంగా ఎంత ఖర్చయిందో చూడాలనుకునేవారు బడ్జెట్ అంచనా గడి, సవరించిన అంచనా గడి దాటుకుని ‘లెక్కలు’ అన్న గడికి పోవాలి. అది 2027-28 బడ్జెట్ పుస్తకంలో వస్తుంది.