సండే స్కూలుకి పంపే ముందు...

ఆదివారం పొద్దున్న ఇంట్లో హడావుడి అంతా ఇంతా కాదు. ఒక పక్క పిల్లలకి తలంట్లు, ఇంకో పక్క పొయ్యి మీద ఇడ్లీలు, మధ్యలో "నా తెల్ల చొక్కా ఏదీ?" అని శ్రీవారి కేక. అందరినీ తయారుచేసి, బైబిలు, పాటల పుస్తకం సంచీలో పెట్టుకుని గుమ్మం దాటేసరికి మీకు ఒక పూట పని అయిపోయినట్టే. సరిగ్గా అప్పుడే మీ పదేళ్ల పాప "నేను సండే స్కూలుకి రానమ్మా" అందనుకోండి. ఏం చేస్తారు? "దేవుడి దగ్గరికి వెళ్లడానికి బద్ధకమేంటే?" అని కసిరి, చెయ్యి పట్టుకుని లాక్కుపోతారు. మనలో చాలామంది చేసేది అదే.

ఒక్క నిమిషం ఆగండి. నిజంగా బద్ధకమే కావచ్చు. వాక్యం కంఠతా రాక, అందరి ముందూ చెప్పలేక భయపడుతూ ఉండవచ్చు. కానీ అంతకు మించిన కారణం కూడా ఉండవచ్చు. అది మెల్లగా అడిగి తెలుసుకోవలసింది మీరే.

సంఘం అంటే మనకి రెండో పుట్టిల్లు లాంటిది. పెళ్లికీ, పురిటికీ, చావుకీ ముందు వచ్చేది సంఘస్థులే. పాస్టరుగారిని అయ్యగారనీ, వారి భార్యను అమ్మగారనీ, తోటివారిని బ్రదర్, సిస్టర్ అనీ పిలుచుకుంటాం. ఈ నమ్మకం మంచిదే. అయితే దీనివల్లే ఒక పొరపాటూ జరుగుతోంది. స్కూలు ఆటో అతని గురించి నలుగురిని వాకబు చేసే మనం, వేసవి సెలవుల్లో వి.బి.ఎస్. క్లాసులకి కొత్తగా వచ్చిన బ్రదర్ ఎవరో, ఇంతకుముందు ఏ సంఘంలో పనిచేశాడో అడగనే అడగం. అడిగితే అవిశ్వాసం అనుకుంటారేమోనని మొహమాటం! నమ్మకం ఎక్కువగా ఉన్న ప్రతిచోటా, ఏ మతంలోనైనా, ఈ ఇబ్బంది ఉన్నదే.

పరువు కోసం దాచితే...

ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి వినండి. జాన్ స్మైత్ అని పేరున్న లాయరు ఉండేవాడు. 1970లలో పెద్ద పెద్ద స్కూళ్ల మగపిల్లల కోసం నడిచే క్రైస్తవ క్యాంపుల్లో పెద్దమనిషి. పాపాలకు పశ్చాత్తాపం పేరుతో పిల్లల్ని తన పెరట్లోని షెడ్డుకి తీసుకెళ్లి, రక్తం వచ్చేలా బెత్తంతో కొట్టేవాడు. 1982లోనే ఈ సంగతి కొందరు పెద్దలకు కాగితం మీద రాతపూర్వకంగా తెలిసింది. పోలీసులకు మాత్రం చెప్పలేదు. బయటపడితే దేవుని పనికి నష్టం అనుకున్నారు. అతను 1984లో జింబాబ్వే వెళ్లి, అక్కడా పిల్లల క్యాంపులు పెట్టాడు. 1992లో ఆ క్యాంపులో 16 ఏళ్ల కుర్రవాడు ఈతకొలనులో శవమై తేలాడు. కేసు పెట్టారు గాని నిలబడలేదు. తర్వాత అతను దక్షిణాఫ్రికా చేరాడు. 2017లో టీవీలో వచ్చేదాకా లోకానికి తెలియదు. 2018లో చనిపోయాడు. ఒక్క రోజు కూడా శిక్ష పడలేదు.

2024 నవంబరులో విచారణ నివేదిక వచ్చింది. బాధపడ్డ పిల్లలు, యువకులు వందకు పైగా అని తేలింది. 2013లో తన చెవిన పడినప్పుడు గట్టిగా పట్టించుకుని ఉండవలసిందన్న విమర్శ మీద, కాంటర్బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ అదే నెలలో రాజీనామా ప్రకటించారు. చూశారా! 1982లో ఒక్కరు పోలీసు గుమ్మం ఎక్కి ఉంటే, ఆ తర్వాతి పిల్లలెందరో తప్పించుకునేవారు కదూ!

తామారు కథ మనకు తెలిసిందే

రెండవ సమూయేలు గ్రంథంలో తామారు కథ మీరు చదివే ఉంటారు. జబ్బు చేసిందని నటించిన అన్న అమ్నోను కోసం, తండ్రి పంపగా వెళ్లి, పిండి కలిపి అప్పాలు చేసి పెట్టబోయింది ఆ పిల్ల. పాడైపోయి తిరిగి వచ్చింది. తోడబుట్టిన అబ్షాలోము "ఊరుకో" అన్నాడు. దావీదు రాజుకి కోపం వచ్చింది. కోపం రావడం వరకే! రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో హత్య జరిగింది, ఆపైన రాజ్యమే అల్లకల్లోలమైంది. గ్రంథం ఈ కథను దాచకుండా చెప్పింది. మరి మన సంఘంలో జరిగింది దాచితేనే భక్తి అని ఎవరన్నారు?

"సేవకుల మీద వేలెత్తకూడదు", "క్షమించెయ్యమ్మా, దేవుడు చూసుకుంటాడు" అని చెప్పేవాళ్లు ఉంటారు. క్షమించడం, మానడం ఆ బాధపడ్డ మనిషి ఇష్టం. ఇంకో బిడ్డకి అదే గతి పట్టకుండా చూడడం మాత్రం మనందరి బాధ్యత.

చట్టం ఏమంటోంది?

18 ఏళ్లలోపు పిల్లల కోసం మన దేశంలో 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వర్తిస్తుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి తప్పు దాచిన సంస్థ పెద్దకయితే ఏడాది దాకా జైలు, జరిమానా. మతసంస్థలో పనిచేసేవారే ఆ నేరం చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. కాబట్టి సంఘ పెద్దలు నలుగురూ కూర్చుని రాజీ చేస్తే సరిపోదు.

పోలీసులంటే భయపడకండి. బిడ్డ మాటను ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ.యే, యూనిఫాం లేకుండా రాసుకోవాలి. పత్రికల్లో బిడ్డ పేరు గాని, ఫొటో గాని రాకూడదు. మంచి మనసుతో ఫిర్యాదు చేసినవారి మీద కేసు ఉండదు. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నంబర్లు ఫోను దగ్గర రాసి పెట్టుకోండి.

బిడ్డ నోరు విప్పినప్పుడు...

* గుండెలు బాదుకోకండి. "ముందే ఎందుకు చెప్పలేదు?" అనకండి. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, తప్పు నీది కాదు" అనండి.

* గుచ్చి గుచ్చి అడగవద్దు. చెప్పిన మాటలు చెప్పినట్టే, తేదీ వేసి కాగితం మీద రాసుకోండి.

* ఈమధ్యే జరిగితే ఆ బట్టలు ఉతక్కుండా విడిగా దాచి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా మొదటి వైద్యం ఉచితంగా చెయ్యాలి.

* ముందుగా ఆ మనిషి దగ్గరికి వెళ్లి నిలదీయవద్దు. జాగ్రత్తపడి సాక్ష్యం మాయం చేస్తాడు.

స్త్రీల సమాజంలో ఈ మాటలు ఎత్తండి

అందరికీ వచ్చేసరికి ఆలస్యం చెయ్యకుండా, ఈసారి స్త్రీల కూటంలో వీటిని చర్చకు పెట్టండి.

1. పిల్లల క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. తలుపు తీసి ఉండాలి.

2. కొత్తగా వచ్చిన టీచరు గురించి పాత సంఘంలో వాకబు చెయ్యాలి.

3. రాత్రి బస ఉన్న క్యాంపుల్లో ఆడపిల్లల దగ్గర ఆడవాళ్లే పడుకోవాలి. పిల్లలు ఎప్పుడు అడిగినా అమ్మతో ఫోనులో మాట్లాడనివ్వాలి.

4. పెద్దవాళ్లు పిల్లలకు విడిగా ఫోనులో మెసేజీలు పెట్టకూడదు.

5. ప్రార్థన కోసం, సలహా కోసం ఒంటరిగా వచ్చిన స్త్రీని మూసిన గదిలో కూర్చోబెట్టకూడదు. అమ్మగారో, మరో పెద్దావిడో కనబడేంత దూరంలో ఉండాలి.

6. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో గోడ మీద రాసి ఉండాలి. ఆ మనిషి పాస్టరుగారి బంధువు కాకూడదు.

వీటిని చూసి నిజమైన సేవకుడెవరూ నొచ్చుకోడు. తన మీద అనవసరంగా నింద పడకుండా కాపాడేవి కూడా ఇవే అని సంతోషిస్తాడు. కోపం తెచ్చుకునేవారుంటే, ఎందుకో మీరే ఆలోచించండి.

వచ్చే ఆదివారం పాప "రాను" అంటే ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టి, జడ వేస్తూ మెల్లగా అడగండి. "ఏం నాన్నా, అక్కడ ఎవరైనా నచ్చలేదా?" అని. ఆ ఒక్క పూట గుడికి ఆలస్యమైనా పరవాలేదు. అమ్మకి చెబితే అమ్మ వింటుందన్న ధైర్యం ఆ బిడ్డకి ముందు కావాలి. ఏమంటారు?