గుడి పుస్తకంలో ఉంది, పాస్‌బుక్‌లో లేదు

పటమటలో ఇప్పుడు ఎకరం ధర అడిగేవాళ్లు లేరు. అందరూ గజం ధరే అడుగుతారు. 1985లో విజయవాడ కార్పొరేషన్‌లో కలిసేదాకా అది పంచాయతీ. దగ్గర్లో బందరు కాలువ, కృష్ణ లంకలు, చుట్టూ పొలాలు. ఆ రోజుల్లో ఇక్కడికి కాపురానికొచ్చి, ఇవాళ అపార్ట్‌మెంట్ బాల్కనీలో జపమాల తిప్పుకుంటున్న కతోలిక రైతు ఇల్లాళ్లు ఇంకా కొందరున్నారు. ఎనభై దాటినవాళ్లు, తొంభైకి దగ్గరపడ్డవాళ్లు. పేర్లు శౌరమ్మ, ఇన్నమ్మ, జోజమ్మ, లూర్దమ్మ. ఇది వాళ్లలో ఏ ఒక్కరి కథా కాదు. ఆ తరంలో చాలామంది నడిచిన దారి.

ఆ తరం ఇల్లాలి బతుకు ఎక్కడైనా కాగితం మీద ఉందంటే విచారణ (పారిష్) గుడి రిజిస్టర్లలోనే. జ్ఞానస్నానం పుస్తకంలో ఆమె పేరు, అమ్మానాన్నల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. పెళ్లి పుస్తకంలో ఇంకోసారి రాస్తారు. తర్వాత బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించినప్పుడల్లా తల్లి గడిలో మళ్లీ ఆమె పేరే. అక్షరం రాని ఆడమనిషి పేరును కూడా అన్నిసార్లు రాసి దాచిన పుస్తకం పల్లెటూళ్లో మరొకటి లేదు.

బెజవాడ మేత్రాసనం ఏర్పడింది 1937లో. అంతకు ముందే, 1924లో, ఆర్లాటి అనే ఇటలీ గురువు గుణదల కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. పటమట నుంచి గుణదల నడిచిపోయే దూరమే. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ల. అప్పటికి సార్వా ధాన్యం ఇంటికొచ్చి, మినుము చేతికొచ్చే వేళ. తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, మొక్కుబళ్లు. పక్క వీధి అమ్మవారి జాతరకీ దీనికీ తేడా ఏమిటని ఆమెనడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఆమె మెడలో తాళికి సిలువ ఉంటుంది, నుదుట బొట్టూ ఉంటుంది. పీఠం దగ్గర ఫాదరుగారు లాటిన్‌లో పూజ చెబుతుంటే కింద ఆడవాళ్లు తెలుగులో జపమాల చెప్పుకున్న కాలం అది. 1965లో రెండో వాటికన్ మహాసభ ముగిశాకే పూజ పూర్తిగా తెలుగులోకి వచ్చింది.

ఇక్కడొక నిజం చెప్పుకోవాలి. కృష్ణకు ఆవలి ఒడ్డున, ఫిరంగిపురం వైపు కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఈ విశ్వాసం పద్దెనిమిదో శతాబ్దం నాటిది. గుడిలో సంఖ్య పెరిగింది మాత్రం తర్వాత మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లతో. గట్టు మీద నిలబడి నాట్లు వేయించిన శౌరమ్మా, మడిలో నడుం వంచి నాటిన శౌరమ్మా ఒకే పూజకు వచ్చారు. పూజయ్యాక ఎవరి పేటకు వాళ్లు వెళ్లారు. రెండో శౌరమ్మకు పొలం హక్కు చూపే పాస్‌బుక్ మాట దేవుడెరుగు, పొలమే లేదు.

మొదటి శౌరమ్మ పని ఏమిటో చూడండి. తెల్లవారుజామున గేదెల దగ్గర మొదలు. చల్ల చిలికి, వెన్న తీసి, కూలీలకు అన్నం వండి గంపకెత్తి పంపాలి. మధ్యాహ్నం త్రికాల జపం గంట వినబడితే ఉన్నచోటే నిలబడి కళ్లు మూసుకోవడం, మళ్లీ పనిలో పడటం. అన్నిటికన్నా పెద్ద పని విత్తనం. వచ్చే ఏడాదికి మినుములు దాచాలంటే చేటలో పోసి చెరిగి, తాలు, పుచ్చు ఏరి, నాలుగు ఎండలు ఎండనిచ్చి, పళ్ల మధ్య పెట్టి కొరికి చూస్తుంది. టప్పున విరిగితే ఎండినట్టు. బూడిద కలిపి కుండలో పోసి, మూత చుట్టూ పేడతో అలికేస్తుంది. ఏ కుండ ఎప్పుడు తెరవాలో ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. మగవాళ్లు చల్లింది ఆ విత్తనమే.

అయినా జనాభా లెక్కలవాళ్లు గుమ్మంలోకి వచ్చి ‘ఏం పని చేస్తావమ్మా’ అంటే ‘ఇంటి పనే’ అని వాకిట్లోంచి మొగుడే చెప్పేవాడు. సొంత పొలంలో జీతం లేకుండా చేసే పనీ పనేనని ప్రశ్నలో స్పష్టంగా చేర్చింది 1991 లెక్కల్లో. అప్పటికి ఆమె మనవలనెత్తింది.

ఈ అన్యాయం పటమటకే పరిమితం కాదు. స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర పాలేరుగా పొలం దున్నిన ఇసిదోరుకు 1622 మార్చి 12న రోములో పునీత పట్టమిచ్చారు. మన పల్లెల్లో ఇన్నాసి, శౌరి అని పేర్లు పెట్టుకునే ఇగ్నేషియస్‌కూ, ఫ్రాన్సిస్ జేవియర్‌కూ అదే రోజు ఇచ్చారు. ఇసిదోరు భార్య మరియా కూడా కాయకష్టం మీద బతికిన మనిషే. ఆమె వంతు 1697లో వచ్చింది. అదీ ధన్యత వరకే.

చట్టం సంగతికొస్తే వింతగా ఉంటుంది. హిందూ ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా కోసం ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 నుంచి అమల్లోకి వచ్చింది. క్రైస్తవులకు వర్తించే భారత వారసత్వ చట్టం 1925 నాటిది. వీలునామా రాయకుండా చనిపోతే, బిడ్డలున్న భార్యకు మూడో వంతు, మిగిలింది బిడ్డలందరికీ సమానం, ఆడా మగా తేడా లేదు. అంటే అరవై ఏళ్ల ముందే హక్కు ఉంది. వాడుకున్నవాళ్లెవరు? కూతురికి కట్నమిచ్చి ‘నీ వాటా ముట్టింది’ అనేశారు. అన్నదమ్ములతో కోర్టుకెక్కితే పండక్కి పుట్టింటి గడప తొక్కలేదు. తర్వాత పట్టాదారు పాస్‌బుక్కులు వచ్చాయి. వాటిలో ఆయన ఫొటో ఉంది, తర్వాత కొడుకు ఫొటో వచ్చింది.

కొడుకు ఆంధ్ర లయోలాలో, కూతురు మారిస్ స్టెల్లాలో చదివారు. మొదటి కాలేజీని 1954లో, రెండోదాన్ని 1962లో తెరిచారు. ఫీజు కట్టింది ధాన్యం డబ్బు, నెలనెలా సర్దింది నెయ్యి డబ్బు. బిడ్డలు హైదరాబాదు, అమెరికా వెళ్లారు. పొలం ప్లాట్లైంది. అమ్మకం రోజున మాత్రం కొనేవాళ్లు ‘పెద్దావిడ సంతకం కూడా కావాలండీ’ అన్నారు. వారసురాలు కదా! రైతుగా ఎన్నడూ లెక్కలోకి రాని మనిషి, భూమి చెయ్యి దాటే రోజున సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో గుర్తుకొచ్చింది.

పొలంలో పనిచేసే ఆడవాళ్లను రైతులుగా గుర్తించాలని ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. పటమటలో పొలం అయిపోయింది గానీ కంకిపాడు, ఉయ్యూరు వైపు ఇంకా ఉంది. పెద్దాయన పోయినా ఆయన పేరు మీదే ఉండిపోయిన భూమి ఉంటే, ఈ ఆదివారం పూజ నుంచి వచ్చాక పాస్‌బుక్ తీసి చూడండి. ఆమె బతికుండగానే సచివాలయంలో మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టండి. వారసుల జాబితాలో మొదటి పేరు ఆమెది రాయండి.