పాడైన బ్యాటరీని విప్పితే మంటెందుకు?

ఎలక్ట్రానిక్ సిగరెట్లను మన దేశం 2019లోనే నిషేధించింది. కానీ వాటి పొట్టలో ఉండే లిథియం బ్యాటరీ మీకు తెలిసిందే. ఫోన్లో, ఇయర్‌బడ్స్‌లో ఉండేదీ ఆ రకమే.

ఆ బ్యాటరీ పాడైపోయిందిగా, విప్పి చూద్దామా? వద్దు. ఎందుకో చెబుతాను.

లోపల మడత కాజాలా పొరలు చుట్టి ఉంటాయి. గ్రాఫైట్ పూసిన రాగి రేకు ఒకటి, లిథియం కలిసిన పూతతో అల్యూమినియం రేకు మరొకటి. రెండూ తగలకుండా మధ్యన ప్లాస్టిక్ పొర. దాని మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు, అంతే! పైగా అన్నీ ఇట్టే అంటుకునే ద్రవంలో నానుతుంటాయి.

స్క్రూడ్రైవర్ మొన దిగిందా, ఆ పొర చిరుగుతుంది. రేకులు రెండూ తగిలి, దాచుకున్న కరెంటంతా అక్కడే ఒక్కసారిగా పారుతుంది. ఆ చోటు కాగుతుంది. ఆ వేడికి పక్క పొర కరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. బుస్సుమని పొగ, వెంటనే మంట.

వస్తువు పనిచేయకపోయినా ఛార్జి లోపలే ఉండొచ్చు. చెడింది ఏ తీగో కావచ్చు కదా! బ్యాటరీ ఉబ్బితే, లోపలి ద్రవం విడిపోయి గ్యాస్ చేరిందన్నమాట. అది మరీ ప్రమాదం.

చెత్తబుట్టలోనూ వేయకండి, చెత్త లారీలో నలిగినా ఇదే గొడవ. 2022 నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులది.